బడిని చూడకుండా బిడ్డను పంపొద్దు

వేసవి సెలవులొస్తే బోయినపల్లి మండలంలో మన ఇండ్ల ముందుకు కరపత్రాలతో ప్రైవేటు బడులవాళ్లు వస్తారు. మా టీచర్ల ఇండ్లకు తల్లిదండ్రులు వస్తారు. "సార్, మా పిల్లను యాడ ఎయ్యాలె?" అని అడుగుతారు. ఇన్నేండ్లూ మేం చెప్పింది ఒకటే: "గురుకులంల సీటొస్తే కండ్లు మూసుకొని ఎయ్యుండ్రి." ఆ మాట తప్పు. కండ్లు తెరిచే వెయ్యాలి.

ఎద్దును కొనేముందు పండ్లు చూస్తాం, నడక చూస్తాం, నాగలి కట్టి చూస్తాం. ఏడేండ్లు బిడ్డను అప్పజెప్పే బడిని మాత్రం గేటు దాకా చూసి తిరిగొస్తాం. చదువు రానివాళ్లం, ఏమడుగుతాం అనే జంకు. ఆ జంకును పెంచినవాళ్లలో మేమూ ఉన్నాం. బడికొచ్చిన తల్లికి కుర్చీ వెయ్యలేదు.

గురుకులాలు వద్దనడం లేదు. మాలో ఎంతోమందిమి హాస్టల్ అన్నం తినే టీచర్లమయ్యాం. కానీ 2024లో వాంకిడి గిరిజన ఆశ్రమ పాఠశాలలో తిండి వికటించి పిల్లలు ఆసుపత్రి పాలయ్యారు. ఒక అమ్మాయి నవంబరులో నిమ్స్‌లో కన్నుమూసింది. సీటు దొరకడంతో మన పని అయిపోలేదని ఇంతకన్నా ఎవరు చెప్పాలి?

బోయినపల్లి షెడ్యూల్డ్ ప్రాంతం కాదు. ఇక్కడ ఐటీడీఏ లేదు. మనవి ఊరికి నాలుగిండ్లు. మధ్య మానేరు కింద కొదురుపాక, నీలోజిపల్లి, వరదవెల్లి లాంటి ఊర్లు మునిగాక ఇరుగుపొరుగు కూడా చెదిరింది. మన బిడ్డకు మన కండ్లే కాపలా.

దారులు తెలుసుకోవాలి. గిరిజన గురుకులంలో ఐదో తరగతి సీటుకు నాలుగులో ఉన్నప్పుడే పరీక్ష రాయాలి. ఏకలవ్య బడికీ, పక్కనే చొప్పదండిలో ఉన్న నవోదయకూ ఐదులో రాయాలి. ఊరి దగ్గరి జిల్లా పరిషత్ హైస్కూలుకు ఏ పరీక్షా లేదు. అందులో చదివే బిడ్డ రాత్రికి ఇంటికొస్తుంది, అవ్వతో ఇంటి భాష మాట్లాడుతుంది. ఇది చిన్న లాభం కాదు.

ఏ బడికైనా మధ్యాహ్నం అన్నం వేళకు పోవాలి. వంటగదిలోకి పోవాలి, ఆ అన్నం ఒక ముద్ద తినాలి. మరుగుదొడ్డికి గడియ ఉందా, నీళ్లొస్తున్నాయా చూడాలి. రాత్రి పిల్లల దగ్గర ఎవరు పడుకుంటారు? జ్వరమొస్తే ఎవరు చూస్తారు? లెక్కల సారు ఉన్నాడా, పోస్టు ఖాళీగా ఉందా? ఏడో తరగతి పిల్లతో ఒక పేజీ చదివించాలి. సార్లకు మన పిల్లల మాట అర్థమవుతుందా అని అడగాలి. ఏకలవ్య బడులకు 2023లో దేశమంతా ఒకే పరీక్ష పెట్టి టీచర్లను తీసుకున్నారు. తెలుగు రాని టీచరు ముందు లంబాడీనో గోండినో ఎరుకలనో మాట్లాడే బిడ్డ నోరు ఎట్లా విప్పుతుంది?

అడగడం మన హక్కు. 2009 విద్యాహక్కు చట్టం సర్కారు బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలంది. కమిటీలో సగం మంది ఆడవాళ్లు ఉండాలంది. కానీ మనల్ని సంతకాలకే పిలుస్తున్నారు.

ఇక మా సంగతి. సర్కారు జీతం తీసుకుంటూ మాలో ఎంతమందిమి మా పిల్లలను ప్రైవేటు బస్సెక్కిస్తున్నాం? మేం పాఠం చెప్పే బడి మా బిడ్డకు పనికిరాకపోతే, కూలికి పోయే అమ్మ బిడ్డకు ఎట్లా పనికొస్తుంది? దీనికి జవాబు చెప్పకుండా బడిబాటలో ఇంటింటికీ తిరిగే ముఖం మాకు లేదు.

ఈ ఏడు నాలుగిండ్లవాళ్లు కలిసి ఒక ఆటో మాట్లాడుకోండి. చదువుకున్న తమ్ముడో చెల్లెలో వెంట పోవాలి. మాలో ఒక టీచరు కూడా రావాలి, ఆ రోజు సెలవు పెట్టయినా సరే. చేర్చిన తర్వాత నెలనెలా పోవాలి. తల్లిదండ్రులు వస్తారని తెలిసిన బడిలో పప్పు పలచబడదు.