క్వారీని పూడ్చే ముందు

రాయి తీయడం ఆగిపోయిన క్వారీని ఏం చేయాలన్నా అందరిదీ ఒకటే జవాబు: పూడ్చేయాలి. ఊరి చెత్తకు చోటు దొరుకుతుంది, పిల్లలు పడిపోయే భయం పోతుంది. అందులో శిలాజాలుంటే ముందే మ్యూజియానికి చేరిస్తే చాలంటారు. ఈ చివరి మాట చదువుకున్నవాళ్లు చెప్పేది. నా పేచీ దానితోనే.

ఇంగ్లండులో లివర్‌పూల్‌కు ఎదురుగా, మెర్సీ నది అవతల, విరల్ ద్వీపకల్పంలో స్టోర్టన్ ఇసుకరాయి క్వారీలుండేవి. 1838లో అక్కడి రాతి పలకల అడుగున మనిషి చేతిని పోలిన అచ్చులు బయటపడ్డాయి. జర్మనీలో అంతకుముందే దొరికిన ఇలాంటి అడుగులకు 1835లో కౌప్ అనే శాస్త్రవేత్త కీరోథీరియం అని పేరు పెట్టాడు. బొటనవేలులా కనిపించేది పాదానికి బయటివైపున ఉండడంతో, ఆ జంతువు కాలికి కాలు అడ్డం వేస్తూ నడిచేదని కూడా కొందరు ఊహించారు. నిజానికి అది ఐదో వేలు. 1925లో జోర్గెల్ అనే శాస్త్రవేత్త కేవలం అడుగుల ఆధారంతో ఆ శరీరం ఎలా ఉండేదో లెక్కగట్టి, మొసళ్ల వైపు చుట్టమని తేల్చాడు. అదే ఏడాది చివర్లో మెర్సీ నది కింద రోడ్డు సొరంగం పని మొదలైంది. సొరంగంలో తవ్విన రాతిని తెచ్చి స్టోర్టన్ క్వారీలను చాలావరకు పూడ్చేశారు. ఇప్పుడక్కడ చెట్లు.

పలకలు లివర్‌పూల్ మ్యూజియంలో ఉన్నాయి కదా? ఉన్నాయి. అయితే అవి ఏమిటో ఆలోచించండి. సుమారు 24 కోట్ల ఏళ్ల కిందట ఎండిపోతున్న మడుగు బురదలో ఆ జంతువు నడిచింది. బురద నెర్రెలిచ్చింది. ఆ గుంటల్లోకి, నెర్రెల్లోకి ఇసుక చేరి, కాలక్రమంలో రాయి అయింది. అందుకే పలక మీద కనిపించేది గుంట కాదు, ఉబ్బు. అది పై పొరకు అడుగుభాగం. జంతువు తొక్కిన అసలు నేల పలచని బంకమట్టి పొర. రాయి ఎత్తితే అది పొడిపొడిగా రాలిపోతుంది, మ్యూజియం దాకా రాదు. గోడకు నిలబెట్టిన పలక ముందు నిలుచున్న పిల్లకు ఏది పైన, ఏది కింద, ఏది ముందు, ఏది తర్వాత అన్నది ఎవరో చెబితే నమ్మడమే. క్వారీ గోడ దగ్గరైతే రెండు ఇసుకరాయి పొరల మధ్య ఆ మట్టిలో వేలు పెట్టి చూస్తుంది. రాతిలోని వాలు గీతలను బట్టి ఇసుకను తెచ్చిన ప్రవాహం ఎటు సాగిందో తనే చెప్పగలుగుతుంది. భూగర్భ శాస్త్రానికి పునాది ఈ చూపే. పాఠ్యపుస్తకంలోని రంగుల బొమ్మ దీన్ని నేర్పలేదు.

ప్రమాదం సంగతి నేను తేలిగ్గా తీసేయను. నీళ్లు నిండిన క్వారీ గుంతల్లో ఈతకు దిగి ప్రాణాలు పోగొట్టుకున్న పిల్లల వార్తలు మనకు కొత్త కాదు. అయితే పిల్లలను మింగేది నీళ్లు నిలిచే అడుగుభాగం. పాఠం ఉన్నది గోడలో. అడుగు పూడ్చి, వదులు రాళ్లు రాల్చి, కంచె వేసి, ఒక్క గోడను తెరిచి ఉంచవచ్చు. ఇంగ్లండులోనే డడ్లీ పట్టణాన్ని ఆనుకుని ఉన్న రెన్స్ నెస్ట్ పాత సున్నపురాయి క్వారీలను 1956లో, భూగర్భ విశేషాల కోసమే, జాతీయ ప్రకృతి రక్షిత స్థలంగా ప్రకటించారు. విద్యార్థులు ఇప్పటికీ వెళుతున్నారు.

మన దగ్గర పాత క్వారీని పూడ్చడానికి అనుమతి ఇచ్చే అధికారి లారీలు రాకముందే ఒక భూగర్భ శాస్త్రవేత్తను అక్కడికి పంపాలి. ఏ గోడ వదలాలో ఆయన సుద్దముక్కతో గుర్తు పెట్టాకే మట్టి పోయాలి.