వున్నదా? వుండవచ్చునా? వున్నదటా?

భూమి మీద తప్ప మరెక్కడైనా ప్రాణులున్నాయా అని పిల్లలు అడగని ఇల్లు వుండదు. దానికి పెద్దలు చెప్పగలిగిన నిజమైన జవాబు ఒకటే: "ఏమో!" ఈ రెండక్షరాల మాటను తక్కువగా చూడకండి. మహా మహా దుర్భిణులు పెట్టుకుని సైన్సు పండితులు ఈనాటికీ చెబుతున్నది ఆ మాటే. కాకపోతే వారు దానిని ఇంగ్లీషులో మెట్లు మెట్లుగా కట్టి చెబుతారు. ఏ మెట్టు మీద నిలబడి మాట్లాడుతున్నారో గమనించక మనం బోర్లా పడుతూ వుంటాం.

2025 ఏప్రిల్ నాటి సంగతి చూడండి. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలోని నిక్కు మధుసూదన్‌గారు, వారి సహచరులు ఒక వార్త చెప్పారు. మనకు 124 కాంతి సంవత్సరాల దూరాన, సింహరాశి వైపు, కె2-18బి అనే గ్రహం వున్నది. జేమ్స్ వెబ్ దుర్భిణితో చూస్తే దాని వాతావరణంలో డైమిథైల్ సల్ఫైడ్ అనే వాయువో, దానికి తోబుట్టువు లాంటి మరొక వాయువో వున్న జాడ కనిపించిందన్నారు. మన భూమి మీద ఆ వాయువును ముఖ్యంగా పుట్టించేవి సముద్రంలోని సూక్ష్మజీవులు. కనుక అక్కడ కూడా జీవం వుండవచ్చునన్నారు. మర్నాటికల్లా మన నోళ్ళలో ఆ "వచ్చు" కాస్తా జారిపోయి, "ఎక్కడో గ్రహంలో ప్రాణులు దొరికాయట!" అయి కూర్చున్నది. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం!

వారు చెప్పిన లెక్క ప్రకారమే ఆ జాడ వట్టి కాకతాళీయం కావడానికి వెయ్యింట మూడు వంతుల అవకాశం వున్నది. శాస్త్రజ్ఞులు "కనుగొన్నాం" అని ధైర్యంగా అనాలంటే అది పది లక్షలలో ఒక వంతుకు లోపే వుండాలి. ఆ తర్వాత అవే అంకెలను మళ్ళీ లెక్క వేసిన మరికొందరు, జాడ అంత గట్టిది కాదన్నారు. పైగా అదే వాయువు ఒక తోకచుక్కలోనూ వున్నట్లు 2024లో తేలింది. తోకచుక్కలో ప్రాణులు కాపురం వుంటున్నాయని ఎవరూ అనరు కదా!

ఇక మెట్ల సంగతి. పై మెట్టు "మస్ట్". గట్టి ఆధారం చూసి "వుండి తీరాలి" అనడం. దాని కింద "మే": "వుండవచ్చు". ఆ కింద "మైట్": "వుంటే వుండవచ్చునేమో". ఈ రెంటినీ ఈ రోజుల్లో చాలామంది ఒకే అర్థంలో వాడుతున్నా, "మైట్" స్వరం కాస్త సన్నం. "కుడ్" అంటే అనేక కారణాలలో ఇదీ ఒకటి కావచ్చునని. అట్టడుగున "కాంట్": "వుండడానికి వీల్లేదు". మన విద్యార్థులు తప్పేది ఇక్కడే. "మస్ట్"కు వ్యతిరేకం "మస్ట్ నాట్" అనుకుంటారు. అది నిషేధం. "చంద్రుడి మీద గాలి లేదు, కనుక అక్కడ దోమ వుండే వీలు లేదు" అనడానికి "కాంట్" కావాలి. "మస్ట్ నాట్" అన్నామా, చంద్రుడి మీద దోమలు వుండరాదని మనం హుకుం జారీ చేసినట్లు అవుతుంది!

జరిగిపోయిన కాలానికి "మే హావ్" వున్నది. కుజుడి మీద వందల కోట్ల ఏళ్ళ క్రితం నీరు పారింది. కనుక అప్పుడు సూక్ష్మజీవులు "జీవించి వుండవచ్చు". ఇప్పుడున్నాయని కాదు.

ఈ విషయంలో తెలుగు బీదది కాదు. "కాబోలు" అంటే కంటికి ఆనినదాన్ని బట్టి చేసిన ఊహ. "వుండకపోదు" అంటే రెండు "కాదు"లు కలిసి కట్టిన నమ్మకం. "అట" అంటే మాట నాది కాదు, విన్నది అని ఒక్క అక్షరం తగిలించి తప్పుకోవడం. ఇంగ్లీషువాడికి దీనికోసం వాక్యమంతా తిప్పవలసి వస్తుంది. అయితే "గలదు"తో జాగ్రత్త. "ఇచట కాఫీ, టిఫిను గలదు" అంటే వున్నదని. "ఈదగలదు" అంటే శక్తి. "వర్షము కురియగలదు" అంటే జరగబోతుందని. "అన్య గ్రహమున జీవము గలదు" అని రాస్తే చదివేవారు కాఫీ హోటలు బోర్డునే తలచుకుంటారు.

మాటను ఎంత తూచి వాడవచ్చునో మన హైదరాబాదులోనే ఒక నిదర్శనం వున్నది. 2005 ఏప్రిల్ 20న అక్కడి బెలూన్ కేంద్రం నుంచి ఇస్రో ఒక పెద్ద బెలూనును పంపింది. 20 నుంచి 41 కిలోమీటర్ల ఎత్తున గాలిని శుద్ధి చేసిన గొట్టాలలో పట్టి దించారు. హైదరాబాదు సి.సి.ఎం.బి.లోనూ, పుణెలోనూ పరీక్షిస్తే 12 బాక్టీరియా గుంపులు (కాలనీలు), 6 శిలీంధ్రాల గుంపులు పెరిగాయి. వాటిలో మూడు బాక్టీరియాలు అంతకు ముందు ఎవరూ ఎరగనివి. ఒకదానికి ఫ్రెడ్ హోయల్ పేరు, ఒకదానికి ఇస్రో పేరు, ఒకదానికి ఆర్యభటుని పేరు పెట్టారు. ఈ పనిని నడిపించిన జయంత్ నార్లీకర్‌గారు, జీవబీజాలు ఆకాశం నుంచి భూమికి వచ్చి వుండవచ్చునన్న ఊహను ఆదరించినవారు. అయినా 2009 మార్చిలో ఇస్రో ప్రకటన ఏమన్నది? ఇవి పైలోకానివని ఈ పరిశోధన నిశ్చయంగా తేల్చలేదనీ, ఇంకా వెదకడానికి మాత్రం ఉత్సాహం ఇస్తున్నదనీ. తరవాత ఆర్యభటుని పేరిటి బాక్టీరియా భూమి మీది మట్టిలోనూ, మొక్కల వేళ్ళ దగ్గరా కనిపించింది. నాడు తొందరపడి "మస్ట్" అని వుంటే ఎంత చిన్నతనం!

ఎక్కడి గ్రహాలో మనకెందుకంటారా? విజయవాడ వెళ్ళి స్కానింగు తీయించుకుంటే ఇంగ్లీషు కాగితం చేతికి వస్తుంది. మా ఊళ్ళో ఒక ఇంట పెద్దాయన ఊపిరితిత్తులలో మచ్చ "కుడ్ బి" అని రెండు సంగతులు రాసి వున్నాయి: పాత జబ్బు మచ్చ కావచ్చు, గడ్డ కావచ్చు, మరో పరీక్ష చేయించండి అని. పదో తరగతి మనుమడు గడ్డ మాటను మాత్రమే చదివి వినిపించాడు. పెద్దాయన మూడు రోజులు అన్నం ముట్టలేదు. చివరకు అది పాత మచ్చే. మరొక ఇంటివారైతే "కావచ్చునన్నారు అంతే కదా" అని కాగితాన్ని బీరువాలో పెట్టేస్తారు. అదీ ప్రమాదమే. "కుడ్" అంటే భయపడమనీ కాదు, మరచిపొమ్మనీ కాదు, ఇంకా చూడమని.

తిరువూరు ప్రాంతపు మామిడి రైతుకు ఈ వ్యాకరణం ఎవరూ చెప్పనక్కరలేదు. పూత నిండుగా వున్నా "కాపు బాగుండవచ్చు" అంటాడే గాని "కాసింది" అనడు. మంచు పడవచ్చు, గాలి రావచ్చు, పిందె రాలవచ్చు. అయినా తోటకు నీరు పెట్టడం మానడు.

ఈసారి ఆకాశం నుంచి ఏ వార్త వచ్చినా పిల్లలకు చదివి వినిపించండి. ఆ "వచ్చు"ను మాత్రం మింగకండి.