కాల్చే ముందు పేరు తేల్చాలి

పదో తరగతి సర్టిఫికెట్‌లో గుర్తుల కింద పుట్టుమచ్చలు రాయించుకోవడం మనకు మామూలే. ఆనాడు మాస్టారు మొహం వంక చూసి రాసుకున్న పెదవి మీది మచ్చే, పెళ్లి కుదిరే వేళకు కొందరికి బరువవుతుంది. బ్యూటీ పార్లర్‌లో కాల్పించుకుంటారు, లేదా సున్నం, సోడా కలిపి అద్దుతారు.

తీయించుకోవద్దని నేననను. అదేమిటో తేలకుండా కాల్చడమే నా అభ్యంతరం. పెదవి మీద నల్లగా కనిపించేదల్లా పుట్టుమచ్చ కాదు. కింది పెదవిపై చదునుగా ఉండే గోధుమరంగు మచ్చలో చాలాసార్లు రంగు ఎక్కువ కావడమే తప్ప పుట్టుమచ్చలోలా కణాల గుంపులుండవు. పెద్దవయసులో నీలంగా, మెత్తగా ఉబ్బి, నొక్కితే పాలిపోయేది సాగిన రక్తనాళం. పసిపిల్లల పెదవుల చుట్టూ చుక్కలు చుక్కలుగా వస్తే పేగుల్లో పాలిప్స్ పెరిగే ప్యూట్జ్-జెగర్స్ సిండ్రోమ్‌ను అనుమానించాలి. అన్నిటికన్నా అరుదైనది, భయపడాల్సినది మెలనోమా అనే క్యాన్సర్.

వీటిని వేరు చేయడానికి డాక్టర్ మచ్చను పెద్దది చేసి చూపే డెర్మోస్కోప్‌తో చూస్తారు. రెండు సగాలు పోలకపోవడం, అంచు చెదరడం, రంగులు కలగాపులగం కావడం, 6 మిల్లీమీటర్లు దాటడం, ఇవన్నీ గమనిస్తారు. నా దృష్టిలో వీటన్నిటికన్నా ముఖ్యం మార్పు. ఏళ్ల తరబడి ఒకేలా ఉన్న మచ్చకు చికిత్సే అక్కర్లేదు. కొత్తగా పెరిగినా, రక్తం కారినా, పుండుపడినా ఆలస్యం చేయకూడదు.

తీస్తే కత్తితో తీసి, ముక్కను పెథాలజీకి పంపాలి. కాల్చేస్తే పరీక్షకు ముక్కే మిగలదు. లోపల కణాలు మిగిలి రంగు తిరిగొస్తే, అది మైక్రోస్కోపు కింద మెలనోమాను తలపించి పెథాలజిస్టునే తికమక పెట్టవచ్చు. పెదవి మీద ఇంకో చిక్కుంది. ఎర్రటి భాగం, చర్మం కలిసే గీత ఒక్క మిల్లీమీటరు తప్పినా ఎదుటివాళ్లకు తెలిసిపోతుంది. మత్తు సూదికి పెదవి ఉబ్బి ఆ గీత చెదురుతుంది గనుక, సూదికి ముందే పెన్నుతో గుర్తు పెట్టుకోవాలి.

హైదరాబాద్‌లో కూర్చుని అమెరికా ఆస్పత్రుల రికార్డుల్లో జబ్బులకు, ఆపరేషన్లకు కోడ్లు వేసే మన పిల్లలకు ఈ సంగతులన్నీ అక్కరకొస్తాయి. పెదవి మీది పుట్టుమచ్చకు డి22.0, మెలనోమాకు సి43.0. డాక్టర్ 'అనుమానం' అని రాస్తే, ఔట్‌పేషెంట్ రికార్డులో దాన్ని జబ్బుగా కోడ్ చేయకూడదు. డి37.01 దగ్గర పొరపాట్లు జరుగుతుంటాయి. అది 'ఇంకా తెలియదు' అని చెప్పే కోడ్ కాదు. కణాలు చూశాక కూడా స్వభావం తేలలేదని పెథాలజిస్టు రాసినప్పుడు వేసేది. రిపోర్టు రాకముందే దాన్ని వేస్తే, నిరపాయమైన మచ్చ ఉన్న మనిషి రికార్డులో లేని అనుమానం నిలిచిపోతుంది.

ఆపరేషన్ కోడ్‌కూ రిపోర్టు కావాలి, కొలత కావాలి. 4 మిల్లీమీటర్ల మచ్చను రెండు పక్కలా ఒక్కో మిల్లీమీటరు వదిలి కోస్తే లెక్కకొచ్చేది 6. కోడ్, మచ్చను మాత్రమే కొలిస్తే వచ్చే 11440 కాదు, 11441. ఫార్మాలిన్‌లో ముక్క కుంచించుకుపోతుంది కాబట్టి కోతకు ముందే డాక్టర్ కొలిచి రాయాలి. ఆ ఒక్క అంకె రాయకపోతే కోడర్ చేయగలిగిందేమీ లేదు.

పెథాలజీ రిపోర్టు, మచ్చ తీయకముందు దిగిన ఫొటో పదో తరగతి సర్టిఫికెట్‌తో పాటే దాచుకోండి. అక్కడే మళ్లీ రంగు వస్తే, డాక్టర్ మొదట అడిగేది ఆ కాగితమే.