తక్కిన నలుగురు

నౌకాదళం వారి తెరచాప పడవ తారిణి మీద ప్రపంచాన్ని చుట్టి వచ్చింది "మన తెలుగు ఆడపిల్లలు" అని మన సభల్లో ఇప్పటికీ చప్పట్లు కొట్టిస్తున్నారు. విశాఖపట్నం స్వాతి, హైదరాబాదు ఐశ్వర్య బొడ్డపాటి. సంతోషమే. కాని అయ్యా, ఆ పడవలో ఉన్నది ఆరుగురు! వర్తికా జోషి, ప్రతిభా జమ్వాల్, విజయాదేవి, పాయల్ గుప్తా ఏమైనట్టు? అందులో వర్తిక ఆ పడవకు నాయకురాలు కూడాను.

2017 సెప్టెంబరు 10న గోవాలో బయల్దేరి 2018 మే 21న తిరిగి గోవా చేరారు. పడవ పొడవు 56 అడుగులు. పసిఫిక్ దాటేటప్పుడు గంటకు నూరు కిలోమీటర్లు మించిన గాలి, 7 మీటర్ల అలలు, ఎముకలు కొరికే చలి. ఒకరు చుక్కాని దగ్గర మేలుకొని ఉంటేనే ఇంకొకరికి నిద్ర. ఆ నిద్రపోయిన మనిషి ప్రాణం ఏ భాష చేతుల్లో ఉన్నట్టు? 2018 జనవరి 19న కేప్ హార్న్ దాటింది ఆరుగురూ.

ఉమ్మడి ఖాతాలో ఆరు పేర్లుంటే రెండే రాసే గుమాస్తాను నేనైతే ఆ సీట్లో ఉంచను.

1953లో బళ్ళారి మైసూరులో కలిసింది మొదలు మన గోడు ఒక్కటే, లెక్కలో మన పేరు రాయరని. బళ్ళారి రాఘవ గారు తెలుగులోనూ కన్నడంలోనూ నాటకాలాడారు. ఎవరైనా కన్నడం ఒక్కటే చెబితే మనకు ఒళ్ళు మండుతుంది. మణిపూర్ పిల్ల విజయాదేవిని "తదితరులు"లో కలిపేటప్పుడు మండదేం?

వచ్చే ఉగాది సభ కరపత్రంలో ఆరు పేర్లూ వేయండి. అచ్చుకు ఎక్కువయ్యే డబ్బు నేనిస్తాను.