అడిగేవారు తగ్గిన రచ్చబండ

సికింద్రాబాదు: దేశంలో ఎక్కడి రైలుకైనా ఒకచోటనే టికెట్టు ఇచ్చే ‘కాన్సర్ట్’ కంప్యూటరు విధానాన్ని రైల్వేవారు 1994లో మొదట అమర్చినది ఇక్కడనే. ఆనాడు ప్రోగ్రాములు రాసేవారికి చిక్కు వస్తే పక్కనున్న పెద్దలో, లావుపాటి పుస్తకమో దిక్కు. నేడు ఇదే స్టేషనులో దిగి అమీర్‌పేట శిక్షణ కేంద్రాలకు పోయే మన పల్లె కుర్రాడు ప్రపంచాన్నే అడుగుతున్నాడు.

2008లో అమెరికాలో జెఫ్ అట్‌వుడ్, జోయెల్ స్పోల్‌స్కీ ప్రారంభించిన ‘స్టాక్ ఓవర్‌ఫ్లో’ ఇందుకు పెద్ద రచ్చబండ. ప్రోగ్రాము ఎక్కడ తప్పిందో ఒకరు రాస్తే, ముక్కూ మొహం ఎరగనివారు పైసా ఆశించక జవాబిస్తారు. మంచి జవాబును మిగతావారు ఓట్లేసి పైకి తెస్తారు. కంపెనీలు వేరైనా విద్య అందరిదీ.

కాని రచ్చబండ కింది నేల అందరిదీ కాదు. 2021లో నెదర్లాండ్స్ కంపెనీ ప్రోసస్ దానిని 180 కోట్ల డాలర్లకు కొన్నది. జవాబులు రాసినవారికి ముట్టినది సున్న. 2022 నవంబరులో చాట్‌జీపీటీ రాగా అడిగేవారే తగ్గిపోయారు. ఆ యంత్రానికి విద్య ఎక్కడిది? ఇటువంటి రాతలు లక్షలాదిగా చదివే గదా! 2024 మే నెలలో ఓపెన్‌ఏఐతో ఒప్పందం కుదరగా, కొందరు కోపించి తమ జవాబులను చెరిపివేశారు. సంస్థ వాటిని తిరిగి నిలిపి, వారి ఖాతాలను కొన్నాళ్లు ఆపింది.

యంత్రాన్ని అడగటం తప్పు కాదు. చప్పున చెబుతుంది, విసుక్కోదు. అయితే నిన్న మొన్న వచ్చిన సాధనం మొరాయిస్తే, దానిని గురించి ఎవరూ రాయకపోతే, అది ఊహించి చెబుతుంది. అప్పుడు పెద్ద కంపెనీ ఉద్యోగికి పక్కన సీనియరు ఉంటాడు. ఇంటిలో మొదటిసారి కంప్యూటరు ముట్టిన కుర్రవానికి ఎవరున్నారు?