కట్టకో సీసా

మొన్న నందిగామలో ఎరువుల కొట్టు ముందు మా బాబాయి రెండు యూరియా కట్టలు బండి మీద వేసుకుంటున్నాడు. కొట్టతను రెండు సీసాలు తెచ్చి కట్టల మీద పెట్టాడు.

"ఇవేందయ్యా?"

"నానో. కట్టకో సీసా. ఇయ్యి తీసుకోకపోతే కట్టలు దింపెయ్."

బాబాయి ఒక సీసా తీసి ఎండకు పెట్టి చూశాడు. "ఇందులో కట్టెడు యూరియా ఉందంట. ఎట్టా పట్టిందిరా?" అని నన్నడిగాడు.

అది వెటకారం కాదు, లెక్క. 45 కిలోల కట్టలో నత్రజని 46 శాతం, అంటే 20 కిలోల పైచిలుకు. 2021లో ఎరువుల సహకార సంస్థ ఇఫ్కో తెచ్చిన అరలీటరు నానో యూరియాలో 4 శాతం, అంటే 20 గ్రాములు. వెయ్యో వంతు. మట్టిలో చల్లిన యూరియా చాలావరకు గాలికీ నీళ్లకీ పోతుందనీ, మీటరును వంద కోట్ల ముక్కలు చేసి అందులో ఇరవై నుంచి యాభై ముక్కలంత ఉండే రేణువు ఆకు రంధ్రాల్లోంచి నేరుగా మొక్కకు అందుతుందనీ ఇఫ్కో వాదన. వృథా అవుతుందన్నది నిజమే. కానీ ఎంత పొదుపు చేసినా 20 గ్రాములు 20 కిలోల పని చేస్తాయా? 2023లో డెన్మార్క్ శాస్త్రవేత్తలు ఇదే అడిగారు. పంజాబ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం రెండేళ్ల ప్రయోగాల్లో నానో వాడిన చోట వరి దిగుబడి 13 శాతం, గోధుమ దిగుబడి 21.6 శాతం తగ్గాయి. ఆ తర్వాత 20 శాతం నత్రజనితో కొత్త సీసా వచ్చింది. దాంట్లో కూడా అరలీటరుకు 100 గ్రాములే.

నానో అనగానే మనిషి ఒంట్లో తిరిగే యంత్రాల గురించి పట్నాల్లో సదస్సులు పెడతారు. మన మెట్టకు మాత్రం అది ఎరువుల కొట్టు మెట్ల మీదుగా వచ్చింది. అందుకే నీతి ప్రశ్న కూడా అక్కడే అడగాలి. కట్ట మీద సర్కారు భరించే సబ్సిడీ పెద్దది, సీసా మీద లేదు. రైతు సీసాకు మారితే మిగిలేది ఖజానాకు. పంట తగ్గితే పోయేది రైతుకు, అందులోనూ ముందే కౌలు కట్టిన వాడికి. ఈ పందెంలో లాభం ఒకరిది, ప్రయోగం మరొకరి చేలో.

గుప్పిట పట్టి యూరియా చల్లితే ఎంత పడిందో చేతికి తెలుస్తుంది. నాలుగు రోజులకు చేను నల్లబడితే కంటికి తెలుస్తుంది. రైతుకున్న పరీక్షశాల ఈ చెయ్యీ, ఈ కన్నూ. నానో ఆ రెంటికీ అందదు. అప్పుడిక మాట మీదే నమ్మకం పెట్టుకోవాలి. కట్ట కావాలంటే సీసా కొనాల్సిందే అన్న రోజున ఆ మాటకు విలువ పోతుంది. ఇలా అంటగట్టడం ఆపమని 2025 జూలైలో కేంద్ర వ్యవసాయ మంత్రే ముఖ్యమంత్రులకు ఉత్తరాలు రాయాల్సి వచ్చింది. అదే ఖరీఫ్‌లో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ యూరియాకు క్యూలు కట్టాం. క్యూలో నిలబడ్డవాడు ఏదిస్తే అది తీసుకుంటాడు. దాన్ని ఒప్పుకోవడం అనకూడదు. 2021-22లో నల్ల తామర పురుగు మిరప పూతను తినేస్తున్నప్పుడు కూడా అంతే, ఎవరే డబ్బా చూపిస్తే అదే కొట్టాం.

నేను నానోకు అడ్డం కాదు. రేపు నిజంగా పనిచేసే నానో ఎరువు రావచ్చు, రావాలి కూడా. జగ్గయ్యపేట పక్కన గరికపాడులో కృషి విజ్ఞాన కేంద్రం ఉంది. అక్కడో, ఊరికొక రైతు చేలోనో పక్కపక్కనే రెండు మడులు వేయండి. ఒకదానికి కట్ట, ఒకదానికి సీసా. కోతనాడు ఊరందరి ముందు తూకం వేయండి. తగ్గితే ఆ రైతు నష్టం కంపెనీ కట్టాలి. మా వాళ్లు కరపత్రాన్ని నమ్మరు, పక్క చేను చూసి నమ్ముతారు. పత్తి విత్తనం మారినా, డ్రోను వచ్చినా అలాగే నమ్మారు.

బాబాయి ఆ రెండు సీసాలకూ డబ్బు కట్టి ఇంటికి తెచ్చాడు. గొడ్ల చావిట్లో దూలం మీద ఉన్నాయి. మూత సీలు ఇంకా తీయలేదు.