వణికే పీటపై... వంగే నడుం!

మైదానం చుట్టూ నాలుగు రౌండ్లు కొట్టమనండి, కొట్టేస్తాడు. గోడ దూకమనండి, దూకేస్తాడు. మోకాళ్లు వంచకుండా కాలి వేళ్లు అందుకోమంటే మాత్రం... 'అమ్మో, పిక్కలు పట్టేశాయి' అంటాడు! ఖాకీ దుస్తుల కోసం చెమటోడ్చే కుర్రాళ్లలో ఇలాంటివాళ్లు మీకూ తెలిసే ఉంటారు.

తప్పు వాళ్లది కాదు. నియామక పరీక్షలు కొలిచేది ప్రధానంగా బలాన్నీ వేగాన్నీ. 2022 నాటి తెలంగాణ పోలీసు నియామకాలనే తీసుకోండి... పురుషులకు 1600 మీటర్ల పరుగు, లాంగ్‌జంప్, షాట్‌పుట్ పెట్టారు. శరీరం ఎంత వంగుతుందన్న లెక్క వాటిలో లేదు. అందుకే సాధన అంతా పరుగే. ఎంపికయ్యాక తెల్లవారుజామునే పీటీ, ఆపై బూట్లతో పరేడ్. తొడ వెనక కండరాలు బిగుసుకుపోతే వంగినప్పుడల్లా ఆ భారం నడుం మీద పడుతుంది. పరుగులో చటుక్కున కండరం చిరిగితే వారాల తరబడి మంచమే. ఊరొదిలి, అప్పు చేసి కోచింగ్‌లో చేరిన కుర్రాడికి ఆ కొన్ని వారాలే ఉద్యోగాన్ని దూరం చేయొచ్చు.

ఏమిటీ వణుకు?

పెద్ద జిమ్‌లలో బరువు తూచే యంత్రంలాంటి పీట ఒకటి కనిపిస్తుంది. మీట నొక్కితే సెకనుకు 20 నుంచి 50 సార్లు, కొద్ది మిల్లీమీటర్ల మేర అదురుతుంది. దానిపై నిలబడితే కండరాలు తమకు తామే గబగబా బిగుస్తూ వదులవుతుంటాయి. రక్తప్రసారం పెరిగి కండరం వెచ్చబడుతుంది. ఆ సమయంలో సాగదీస్తే నొప్పి కాస్త తక్కువగా తెలుస్తుంది. సోవియట్ యూనియన్‌లో జిమ్నాస్టులకు ఈ అదురును వాడి చూసిన శాస్త్రవేత్త వ్లదిమిర్ నజరోవ్. కుర్ర జిమ్నాస్టుల కాళ్లను అదిరే పరికరంపై ఉంచి సాగదీయిస్తే స్ప్లిట్స్ మెరుగయ్యాయని 2006లో అచ్చయిన ఒక అధ్యయనమూ చెప్పింది.

అయితే ఒక్క మాట. ఊరికే పీటెక్కి నిలబడితే ఒళ్లు విల్లులా వంగదు. అదురుతో పాటు సాగదీత ఉండాలి. ఒక్కో విడత 30 నుంచి 60 సెకన్లు, మధ్యలో అంతే విరామం చాలు. మోకాళ్లు కొద్దిగా వంచి నిలబడాలి. బిర్రబిగిసి నిలబడితే అదురంతా తలకెక్కుతుంది. 'ఎక్కువసేపైతే ఎక్కువ లాభం' అనుకోవద్దు. ఏళ్ల తరబడి ట్రాక్టరు, లారీ నడిపేవారిని నడుంనొప్పి వేధించడానికి గతుకుల అదురూ ఒక కారణమే మరి! గర్భిణులు, పేస్‌మేకర్ ఉన్నవారు, రక్తం గడ్డకట్టే సమస్య ఉన్నవారు, ఇటీవల ఆపరేషన్ అయినవారు దీని జోలికి వెళ్లొద్దు.

పీట లేకపోతే?

దిగులొద్దు. నేలమీద దుప్పటి పరిస్తే చాలు. పరుగుకు ముందు కాళ్లు ఊపడం, మోకాళ్లు పైకెత్తి నడవడం లాంటి కదిలే వ్యాయామాలు చేయండి. కదలకుండా ఎక్కువసేపు సాగదీయడం పరుగుకు ముందు వద్దు, వేగం కాస్త తగ్గొచ్చు. దాన్ని పరుగయ్యాక, ఒళ్లు వెచ్చగా ఉన్నప్పుడు పెట్టుకోండి. తొడ వెనక భాగం, పిక్కలు, తుంటి... ఒక్కోదాన్ని 30 సెకన్లపాటు, రెండేసిసార్లు సాగదీయండి. కుదుపులు వద్దు. పశ్చిమోత్తానాసనం వచ్చినవారు అదే వేసుకోవచ్చు. వారానికి కనీసం రెండు మూడు రోజులు తప్పనిసరి.

నెలకోసారి కాళ్లు చాపి కూర్చుని చేతులు ముందుకు చాచండి. వేళ్లు పాదాలకు ఎంత దూరంలో ఆగాయో స్కేలుతో కొలిచి గోడమీద రాసుకోండి. 1952 నుంచీ వాడుకలో ఉన్న 'సిట్ అండ్ రీచ్' పరీక్ష సూత్రం ఇదే. పరుగుకు స్టాప్‌వాచ్ ఎలాగో, నడుముకు ఆ గీత అలాగ. ఇంట్లో పోలీసు ఉద్యోగానికి సిద్ధమవుతున్న తమ్ముడో చెల్లెలో ఉంటే... ఈరోజే మొదటి గీత గీయించండి!